సబ్‌నాటికా: 45 సెకన్ల ఊపిరితో సముద్రంలో సంసారం

అంతరిక్ష నౌక కూలిపోయింది. కనుచూపు మేరంతా సముద్రమే. ప్రాణాలతో మిగిలిన ఒక్క మనిషికి దక్కింది నీటిపై తేలే చిన్న లైఫ్‌పాడ్, దాని గోడకు బిగించిన ఫ్యాబ్రికేటర్ అనే యంత్రం. ముడిసరుకు తెచ్చి ఇస్తే అది పనిముట్లు చేసిపెడుతుంది. తేకపోతే ఊరికే ఉంటుంది. అమెరికాకు చెందిన అన్‌నోన్ వరల్డ్స్ సంస్థ 2018 జనవరిలో పూర్తి స్థాయిలో విడుదల చేసిన 'సబ్‌నాటికా' వీడియో గేమ్ మొదలయ్యేది ఇలాగే. బీజీఎంఐ ద్వారా మన దేశంలో ఇంటింటికీ తెలిసిన దక్షిణ కొరియా కంపెనీ క్రాఫ్టన్ 2021లో ఈ సంస్థను కొనుగోలు చేసింది. అయితే బీజీఎంఐలో గెలిపించేది తుపాకీ గురి. సబ్‌నాటికాలో బతికించేది ఖర్చు లెక్క.

అసలు కొరత దేనికి?

కొత్తగా ఆడేవారు సరుకు దొరకడం లేదనుకుంటారు. నిజానికి లైఫ్‌పాడ్ కిందనే సున్నపురాళ్లు, క్వార్ట్జ్ ముక్కలు, కూలిన నౌక తుక్కు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. లేనిది వాటిని ఏరుకునే వ్యవధి. మొదట్లో ఊపిరి నిలిచేది 45 సెకన్లే. దిగడానికి, పైకి రావడానికి పట్టే సమయం తీసేస్తే చేతికి మిగిలేది కొద్ది క్షణాలు. 100 మీటర్ల లోతు దాటాక, రీబ్రీదర్ లేకపోతే ఆక్సిజన్ ఇంకా వేగంగా తరిగిపోతుంది. వెంట తెచ్చుకోగలిగిన సరుకుకూ హద్దుంది. సంచిలో ఉండే గడులు 48 మాత్రమే.

కాబట్టి ఏం తేవాలో నీళ్లలోకి దిగకముందే తేల్చుకోవాలి. కనిపించిందల్లా ఏరుకుంటూ పోతే సంచి నిండుతుంది, కావలసిన ఒక్క వస్తువుకు చోటుండదు. అనుభవమున్నవారు తొలి టైటానియం మూడింటితో చేసుకునేది ఆక్సిజన్ ట్యాంకు. దాంతో మరో 30 సెకన్లు కలిసొస్తాయి. ఆ తర్వాత చేసే ప్రతి మునకా ఆ మేరకు లాభమే.

రాగి దగ్గరే ఇరకాటం

టైటానియానికి లోటుండదు. నౌక తుక్కు ఒక్కటి ఇస్తే ఫ్యాబ్రికేటర్ నాలుగు టైటానియం ముక్కలు చేసిస్తుంది. చిక్కంతా రాగితోనే. సున్నపురాయిని పగలగొడితే టైటానియం రావచ్చు, రాగి రావచ్చు. ఏది వస్తుందో ముందుగా తెలియదు. పైగా రాగి అవసరం పైకి కనిపించదు, బ్యాటరీల చాటున దాక్కుని ఉంటుంది. ఒక బ్యాటరీకి ఒక రాగి, రెండు యాసిడ్ పుట్టగొడుగులు కావాలి. రాగి తీగ చేయాలంటే రెండు రాగి ముక్కలు పడతాయి.

ఇక అసలు లెక్క. స్కానర్‌లో బ్యాటరీ ఉంటుంది కాబట్టి దానికి ఒక రాగి. నీళ్లలో వేగంగా లాక్కెళ్లే సీగ్లైడ్‌కు బ్యాటరీ, తీగ కలిపి మూడు. ఇల్లు కట్టే పనిముట్టు హ్యాబిటాట్ బిల్డర్‌కు మరో మూడు. సీమాత్ అనే చిన్న జలాంతర్గామికి ఒక పవర్ సెల్ కావాలి. దాన్ని తయారుచేసే తేలియాడే వేదికకు మరొకటి కావాలి. ఒక్కో పవర్ సెల్‌లో రెండు బ్యాటరీలు ఉంటాయి కనుక ఇక్కడ నాలుగు. మొత్తం 11. దొరికిన తొలి రాగిని తోచిన పనిముట్టుకల్లా పెట్టేసినవారు సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు.

ఈ 11 రాగి ముక్కలతో నిజానికి కొనేది ఊపిరినే. సీమాత్‌లో కూర్చుంటే గాలికి కొదవ ఉండదు. 200 మీటర్ల లోతు వరకు అది వెంట తిరిగే ఇల్లు. వీటిలో ముందుగా చేసుకోవలసింది స్కానర్. సీగ్లైడ్, సీమాత్‌ల నమూనాలు తెలియాలంటే సముద్రగర్భంలో పడి ఉన్న వాటి శకలాలను స్కాన్ చేయాల్సిందే. ఒక నమూనా పూర్తయ్యాక అవే శకలాలను మళ్లీ స్కాన్ చేస్తే ఒక్కోదానికి రెండు టైటానియం ముక్కలు అదనంగా వస్తాయి.

తిరిగొచ్చేవి, రానివి

పగలగొట్టిన రాయి మళ్లీ పుట్టదు. లైఫ్‌పాడ్ చుట్టూ ఉన్నది ఊడ్చేసుకున్నాక దూరం వెళ్లాలి, లోతుకు దిగాలి. మొక్కల సంగతి వేరు. యాసిడ్ పుట్టగొడుగులను, రబ్బరుకూ కందెనకూ పనికొచ్చే క్రీప్‌వైన్‌ను ఇంటి బయట మడి కట్టి పెంచుకోవచ్చు. అందుకే మొక్క దొరికినప్పుడు వాడుకునే ముందు నాటుకునేందుకు కొంత దాచడం తెలివైన పని.

మరో తేడా చాలామంది గమనించరు. హ్యాబిటాట్ బిల్డర్‌తో కట్టిన గదినో అల్మారానో విప్పేస్తే పెట్టిన సరుకంతా వెనక్కి వస్తుంది. అందుకని ఇల్లు ఎక్కడ కట్టాలా అని భయపడనక్కర్లేదు. ఫ్యాబ్రికేటర్‌లో చేసిన పనిముట్టు మాత్రం తిరిగి రాగిగా మారదు. ఆచితూచి అడుగేయాల్సింది అక్కడే. బ్యాటరీ ఛార్జర్‌కు రాగి తీగ ఖర్చయినా, అది వచ్చాక పాత బ్యాటరీలే మళ్లీ పనికొస్తాయి. ఆ రెండు రాగి ముక్కలు త్వరగానే గిట్టుబాటవుతాయి.

ఉప్పుతో బేరం

తిండి, నీళ్ల దగ్గరా ఇదే తంతు. వండిన చేప కొద్దిసేపటికి పాడవుతుంది. ఉప్పు పట్టించి ఎండబెట్టినది నిల్వ ఉంటుంది కానీ తింటే దాహం పెరుగుతుంది. అదే ఉప్పును పగడపు ముక్కతో కలిపి బ్లీచ్ చేస్తే రెండు సీసాల తాగునీరు వస్తుంది. దూరప్రయాణానికి ముందు ఉప్పు చేపకా, నీటికా అన్నది తేల్చుకోవాలి. ఇంట్లో మార్బుల్‌మెలన్ పండ్లు పెంచుకునే దశకు చేరితే ఆకలి, దాహం రెండూ తీరతాయి, ఈ బేరం అవసరమే ఉండదు.

చివరి బిల్లు

ఇంత పొదుపుగా సంసారం నెట్టుకొచ్చిన మనిషికి ఆట ఒక చురక వేస్తుంది. ఆ ప్రాంతంలో దొరికే ఖనిజాలన్నీ తనవేనని నౌకను పంపిన ఆల్టెరా కంపెనీ వాదన. వాడుకున్న సరుకుకు బాకీ 30 లక్షల క్రెడిట్లని చేతిలోని పరికరం మధ్యలోనే ఒకసారి వినిపిస్తుంది. చివరకు రాకెట్ కట్టుకుని ఇంటికి చేరినవారికి, లక్ష కోట్ల క్రెడిట్ల బాకీ తీర్చాకే దిగేందుకు అనుమతి అన్న కబురు అందుతుంది. ఒక్కో రాగి ముక్కకూ లెక్క చూసుకుంటూ బతికినంత కాలమూ, అవతల మరొకరు అదే లెక్క రాసుకుంటూ ఉన్నారన్నమాట.