మోగని మెట్ల వాయిద్యం

మిడి కీబోర్డును కంప్యూటరుకు తగిలించకుండా ఎంత వాయించినా, టకటకమని ప్లాస్టిక్ చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. దానికి తిత్తి లేదు, రీడ్లు లేవు, స్పీకరూ ఉండదు. అనంతపురం పల్లెల్లో పౌరాణిక నాటకానికి తెల్లవార్లూ హార్మోనియం వాయించిన పెద్దాయనకు చూపిస్తే, "దీన్ని డబ్బులిచ్చి కొన్నావా నాయనా?" అంటాడు. అనాల్సిందే. అది చేసే పని స్వరం పలికించడం కాదు, అంకెలు పంపడం.

1980 ప్రాంతంలో ఒక కంపెనీ సింథసైజరు (కరెంటుతో స్వరాలు పుట్టించే వాయిద్యం) మాట ఇంకో కంపెనీ సింథసైజరుకు అర్థమయ్యేది కాదు. అమెరికాలో సీక్వెన్షియల్ సర్క్యూట్స్ నడిపిన డేవ్ స్మిత్, చెట్ వుడ్‌తో కలిసి 1981లో అందరికీ పనికొచ్చే ఒక పద్ధతిని ప్రతిపాదించాడు. జపాన్‌లో రోలాండ్ స్థాపకుడు ఇకుతారో కకేహషి కూడా అదే పట్టుదలతో ఉన్నాడు. 1983 జనవరిలో అమెరికాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో ఇద్దరి యంత్రాలనూ ఒక తీగతో కలిపారు. ఒకదాని మీద వాయిస్తే రెండోది పలికింది. ఆ పద్ధతే మిడి. పోటీ కంపెనీలు ఒక మాట మీదికొచ్చి, దాన్ని అందరికీ ఉచితంగా వదిలేయడం వ్యాపారంలో అరుదు. 2013లో ఇద్దరికీ టెక్నికల్ గ్రామీ ఇచ్చారు.

మెట్టు నొక్కితే వెళ్లేది మూడు బైట్లే. స్వరం మొదలైందని ఒకటి, ఏ స్వరమో ఒకటి, ఎంత బలంగానో ఒకటి. స్వరానికీ బలానికీ 0 నుంచి 127 వరకు అంకెలుంటాయి. కీబోర్డు నడిమధ్య ఉండే 'సి' మెట్టు 60. బలం కొలిచే తీరు తమాషాగా ఉంటుంది. మెట్టు కింద రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి ఎంత తక్కువ సమయం పడితే, అంత గట్టిగా కొట్టినట్టు లెక్క. అంటే అది కొలిచేది బలాన్ని కాదు, వేగాన్ని. వీణ పలకాలో వయొలిన్ పలకాలో ఆ తర్వాత కంప్యూటరు చూసుకుంటుంది.

మెట్ల వాయిద్యం మీద మనకు పాత కోపం ఒకటుంది. గమకం పలకదని ఆకాశవాణి 1940లో హార్మోనియాన్ని గుమ్మం బయట నిలబెట్టింది. 1971 దాకా లోపలికి రానివ్వలేదు. నాటకాల వాళ్లు మాత్రం వదల్లేదు. మిడి కీబోర్డుకూ సప్తకానికి పన్నెండు మెట్లే, కానీ ఎడమ పక్కన ఒక చక్రం ఉంటుంది. దాన్ని తిప్పితే స్వరం జారుతుంది. ఆ జారుడును మిడి 16,384 అంచెలుగా విడగొడుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు దీన్ని ముట్టుకోరు, అందుకే వాళ్ల కల్యాణి రాగం కరెంటు గంటలా వినిపిస్తుంది.

ఇలాంటి కీబోర్డుతో ఇంట్లోనే పాట కట్టిన వాళ్లున్నారు. తెలుగు సినిమా సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డు వాయించిన దిలీప్ అనే కుర్రాడు కోడంబాకంలో ఇంటి పెరట్లోనే స్టూడియో కట్టుకున్నాడు. అక్కడి నుంచే 1992లో 'రోజా' పాటలొచ్చాయి. ఆయనే ఏ.ఆర్.రెహమాన్. ఆ రోజుల్లో అలాంటి గదికి చాలా డబ్బు కావాలి. ఇప్పుడు ఒక పాత ల్యాప్‌టాప్, 49 మెట్ల కీబోర్డు, చెవులు మూసే హెడ్‌ఫోన్, ఎల్ఎంఎంఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే మొదలుపెట్టొచ్చు. కీబోర్డు యూఎస్‌బీ తీగలోంచే కరెంటు తీసుకుంటుంది. ఊళ్లో కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు పాట ఆగదు.

మెట్టు నొక్కిన కాసేపటికి స్వరం వస్తుంటే కీబోర్డును తిట్టకండి. సెట్టింగుల్లో బఫర్ అని ఉంటుంది, కంప్యూటరు శబ్దాన్ని ఎంత పోగేశాక బయటికి పంపాలో చెప్పే అంకె. సెకనుకు 44,100 నమూనాల లెక్కన, బఫర్ 1,024 పెడితే దాదాపు 23 మిల్లీసెకన్ల ఆలస్యం, స్పీకరుకు ఎనిమిది మీటర్ల దూరంలో కూర్చున్నట్టు. 256కు తగ్గిస్తే ఆరు మిల్లీసెకన్ల లోపే. ఇంకా తగ్గిస్తే పాత ల్యాప్‌టాప్ అందుకోలేక చిటపటలాడుతుంది.

ఇక గొంతు రికార్డు చేయాలంటే అసలు చిక్కు గదితోనే. నేలకు తాడిపత్రి బండలు, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ సిమెంటు గోడలు. ఇంత గట్టి గదిలో పాడితే గొంతు అన్ని వైపుల నుంచీ తిరిగొచ్చి మైకులో పడుతుంది. ఫోమ్ పలకలు కొనక్కర్లేదు; గోడలకు బొంతలు వేలాడదీసి, నేల మీద దూది పరుపు వేస్తే ఆ మోత చాలావరకు అణుగుతుంది. ఫ్యాను ఆపక తప్పదు కాబట్టి, మన ఎండాకాలంలో గొంతు రికార్డింగు తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

దుమ్ము సంగతీ మరవొద్దు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేల మనది, పైగా ఆషాఢం గాలులు. మెట్ల కింది కాంటాక్టుల్లో దుమ్ము చేరితే మెల్లగా నొక్కినా స్వరం ఒక్కసారిగా అరుస్తుంది, లేదా అసలు పలకదు. వాయించాక పాత పంచె కప్పితే చాలు.

కొనాల్సిన వరుస అడిగితే నా తీర్పు ఇదీ: మొదట మంచి హెడ్‌ఫోన్, తర్వాత చిన్న కీబోర్డు, ఆ తర్వాత ఒక మైకు. 88 మెట్ల మీద మోజు ఒక ఏడాది ఆపుకోండి. మైకు వచ్చిన వారంలోనే మీ ఊరి నాటకాల హార్మోనిస్టునో, నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట పాడే వాళ్లనో అడిగి, వాళ్లొప్పుకుంటే ఒక గంట రికార్డు చేసి, రెండు చోట్ల భద్రపరచండి.