చిట్టి చిలకమ్మ తోట, ఇక్బాల్ పిట్ట పింజ్రా: పక్షుల పాటలు పిల్లలకు ఏం చెబుతున్నాయి?

వరంగల్‌లోని మండీబజార్, చార్‌బౌలి, కాజీపేట వంటి చోట్ల ముస్లిం ఇళ్లలో పెరిగే పిల్లలకు పక్షుల పాటలు రెండు భాషల్లో అందుతాయి. అంగన్‌వాడీలోనో బడిలోనో టీచర్ ‘చిట్టి చిలకమ్మా’ నేర్పుతుంది. ఇంట్లో దాదీయో నానీయో అల్లామా ఇక్బాల్ పిల్లల కోసం రాసిన నజ్మ్‌లు వినిపిస్తారు. రెండింటిలోనూ పిట్ట ఉంది, తోట ఉంది. తేడా ఒక్కటే. చిలకమ్మ తన ఇష్టానికి తోటకు పోయి పండు తెచ్చుకుంటుంది. ఇక్బాల్ ‘పరిందే కీ ఫర్యాద్’లోని పిట్టకు మాత్రం తోట ఒక జ్ఞాపకం. అది పింజ్రాలో కూర్చుని తన గూడును, తోటి పిట్టలను తలుచుకుని ఏడుస్తుంది. వదిలిపెడితే దుఆ ఇస్తానని పట్టుకున్నవాణ్ణి బతిమాలుతుంది.

1924లో అచ్చయిన ‘బాంగ్-ఎ-దరా’లో ఈ నజ్మ్‌తో పాటు ‘హమ్‌దర్దీ’ కూడా ఉంది. చీకటి పడి ఇంటికి పోలేక దిగులుపడిన బుల్‌బుల్‌కు మిణుగురు పురుగు వెలుగు చూపే కథ అది. ఇంగ్లిష్ కవి విలియం కౌపర్ కవిత ఆధారంగా ఇక్బాల్ దాన్ని ఉర్దూలోకి తెచ్చారు.

పాటలో ఒకటి, చెట్టు మీద ఇంకొకటి

ఇక్కడ పిల్లలకు చెప్పాల్సిన సంగతి ఒకటుంది. ఫార్సీ, ఉర్దూ గజళ్లలో గులాబీ కోసం పాడే బుల్‌బుల్ వేరు, మన పెరట్లో తిరిగే బుల్‌బుల్ వేరు. గజళ్లలోది ఇరాన్ వైపు పాడే పక్షి, అది మన చెట్ల మీద కనిపించదు. మన దగ్గరిది తల నల్లగా, చిన్న జుట్టుతో, తోక కింద ఎర్రగా ఉంటుంది. దాన్ని తెలుగులో పిగిలిపిట్ట అంటారు.

కోయిల సంగతీ అంతే. తెలుగు పాటల్లో ‘కోయిలమ్మ’ అంటారు, ఉర్దూలో కూడా ‘కోయల్ గాతీ హై’ అంటారు. నిజానికి ‘కూ’ అని పాడేది మగ కోయిల. అది నల్లగా, ఎర్రటి కళ్లతో ఉంటుంది. ఆడది గోధుమ రంగు మీద తెల్లటి చుక్కలతో ఉంటుంది. గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్లు పెడుతుంది.

సినిమా పాటల్లోకి వచ్చేసరికి పిట్ట మనిషి అయిపోతుంది. 1994లో వచ్చిన ‘శుభలగ్నం’ కోసం సిరివెన్నెల సీతారామశాస్త్రి రాసిన ‘చిలకా ఏ తోడు లేక’ పాటలో చిలక అంటే డబ్బు మోజులో భర్తను దూరం చేసుకుని ఒంటరిగా మిగిలిన భార్య. జానపద బాణీలో పాటలు కట్టే గోరటి వెంకన్న తన పుస్తకానికి ‘వల్లంకి తాళం’ అని పిట్ట పేరే పెట్టుకున్నారు. దానికే 2021 కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

పాడుతూనే పింజ్రాలో పెట్టొచ్చా?

చిలకమ్మ పాట పాడే ఇళ్లలోనే కొన్నిచోట్ల వాకిట్లో తోతా పింజ్రా వేలాడుతుంది. అది చట్టరీత్యా నేరమని చాలామందికి తెలియదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశపు రామచిలుకలను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెంచడం కుదరదు. చిలుకలు చెట్టు తొర్రల్లో గూడు పెడతాయి. సంతలో అమ్మే పిల్లల్ని సాధారణంగా ఆ తొర్రల్లోంచే తీసి తెస్తారు. అంటే ఒక పింజ్రా నిండాలంటే ఎక్కడో ఒక గూడు ఖాళీ కావాల్సిందే. ఇక్బాల్ పిట్ట ఏడుపు కూడా ఇదే.

ఇప్పటికే ఇంట్లో చిలుక ఉంటే పింజ్రా తలుపు తీసేస్తే సరిపోదు. రెక్కలు కత్తిరించిన పిట్ట, మనిషి చేతి తిండికి అలవాటుపడిన పిట్ట బయట బతకలేదు. కుక్కకో పిల్లికో దొరికిపోతుంది. అటవీ శాఖ వాళ్లకు చెప్పి అప్పగించడమే సరైన దారి.

పిల్లలకు పక్షుల్ని చూపించడానికి పింజ్రా అవసరం లేదు. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట ఊరి బయట కరెంటు తీగల మీద కూర్చుని కనిపిస్తుంది. ఎగిరినప్పుడు దాని రెక్కల్లో నీలం రంగు మెరుస్తుంది. పాకాల చెరువు దగ్గర నీటి పక్షులుంటాయి. కాకతీయ రాజు గణపతిదేవుడి కాలపు ఆ చెరువు ఇప్పుడు అభయారణ్యంలో ఉంది. అంతదూరం పోలేనివాళ్లు ఎండాకాలంలో డాబా మీద మట్టి మూకుడులో నీళ్లు, గుప్పెడు గింజలు పెడితే చాలు. పిచ్చుక, పిగిలిపిట్ట, ఒక్కోసారి చిలకమ్మ కూడా వచ్చి వాలుతుంది. అప్పుడు పిల్లలకు పాటా చెప్పొచ్చు, అందులోని పిట్టనూ చూపించొచ్చు.