విద్యుత్తునకు కవచము

స్తంభము నుండి దిగిన సర్వీసు తీగ మీటరును దాటి గదిగదికిని శాఖలుగా విడివడుచోట గోడకు బిగింపబడిన పెట్టెను మనము మెయిన్ బోర్డనియో, డీబీ యనియో వ్యవహరింతుము. ఇల్లు కట్టుకొనువారు అందులో నమర్చు ఎం.సి.బి.లు ఎన్ని ఆంపియర్లవని శ్రద్ధతో విచారింతురు గాని, వానిని ఆవరించియుండు పెట్టెను గూర్చి ప్రశ్నించువారు అరుదు. ఎం.సి.బి. మితిమీరిన ప్రవాహమును తెంచునే గాని, తెరపియైయున్న బస్‌బారు (ఎం.సి.బి.లకు విద్యుత్తునందించు లోహపు పట్టీ) మీద పసివాని వ్రేలు పడకుండ అడ్డుకొనజాలదు. ఆ భారము పెట్టెది. విద్యుత్తుగల భాగములను చేతి కందనీయకుండుట, ధూళిని, నీటిని, పురుగును లోనికి రానీయకుండుట, లోపల పుట్టిన నిప్పును వెలుపలికి ప్రాకనీయకుండుట అను మూడు ధర్మములును దానివే.

వీనిలో మొదటి రెండింటిని కొలుచుటకు అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ వారు 60529 సంఖ్యగల ప్రమాణమున ఒక సంకేతమును నిర్ణయించిరి. భారతీయ ప్రమాణముగా కూడ అదియే స్వీకరింపబడినది. పెట్టెమీద ఐ.పి. అను అక్షరముల ప్రక్కనుండు రెండంకెలలో మొదటిది ఘనవస్తువులనుండియు, రెండవది నీటినుండియు లభించు రక్షణను తెలుపును. మొదటి అంకె 2 అయినచో 12.5 మిల్లీమీటర్ల వ్యాసముగల గోళము లోనికి పోరాదు. 12 మిల్లీమీటర్ల లావును, 80 మిల్లీమీటర్ల పొడవును, కీళ్ళును గల కృత్రిమాంగుళిని చొప్పించి చూచినను అది ప్రమాదకరమైన భాగమును సమీపింపరాదు. 4 అయినచో ఒక మిల్లీమీటరు తీగయు దూరరాదు. 6 అయినచో ధూళి కణమైనను చొరరాదు. రెండవ అంకె 4 అయినచో ఏ దిక్కునుండి చిందిన నీరును హాని చేయరాదు. 5 అయినచో 6.3 మిల్లీమీటర్ల గొట్టము నుండి నిమిషమునకు 12.5 లీటర్ల చొప్పున చిమ్మిన ధారకును పెట్టె ఓర్చుకొనవలెను. కావున పొడి గదిలో చక్కగా పనిచేయు పెట్టెను ఆరుబయట వాన జల్లునకు గురిచేయుట అవివేకము. అచట 54గాని, అంతకు మించిన 65గాని గలదానినే కోరవలెను.

అయితే ఈ అంకెలు కర్మాగారమునుండి వచ్చిన చెక్కుచెదరని పెట్టెకు వర్తించునవి. తీగలను చొప్పించుటకై పెట్టె ప్రక్కలందు గాటుపెట్టిన గుండ్రని మూతలుండును. ఒక గొట్టము కొరకు మూడు మూతలు ఊడగొట్టి, తక్కిన రెండు రంధ్రములను అట్లే విడిచిపోవుట మన ఇండ్లలో నిత్యము కనబడు లోపము. ఆ రంధ్రమున దూరిన బల్లి వెచ్చదనమునకు బస్‌బారుల నడుమ చేరి, దేహముతో రెండింటిని కలిపిన క్షణమున పెద్ద శబ్దముతో మెరుపు లేచి, ఇల్లంతయు చీకటి యగును. అట్టి పెట్టె మీద ఏ అంకె ముద్రింపబడియున్నను నిరర్థకమే. ఎం.సి.బి. లేని అరలను పలకలతో మూయుటయు, తీగ ప్రవేశించుచోట సందును మూయు గ్లాండు బిగించుటయు అందువలననే అవసరములు.

నీటి మార్గము మరింత మోసకరమైనది. డాబా మీది గొట్టపు నోరు తెరచియున్నచో వాననీరు గోడలోని ఆ గొట్టము వెంబడియే దిగి, తిన్నగా పెట్టెలోని మెయిన్ స్విచ్చి మీద బొట్లుబొట్లుగా పడును. వెలుపలి నీటిని ఆపగల కవచము లోపలినుండి వచ్చు నీటినేమి చేయగలదు? గొట్టపు పైకొనను మూయుటయు, ఆరుబయటి పెట్టెకు తీగను క్రిందివైపునుండియే తెచ్చుటయు దీనికి ప్రతిక్రియ. కాకినాడ, బందరు వంటి తీరప్రాంతములలో ఉప్పుగాలి రేకును తినివేయును గనుక అచట తుప్పును సంవత్సరమున కొకమారైనను పరిశీలింపవలెను.

మూడవ ధర్మము అగ్నికి సంబంధించినది. స్క్రూ వదులైనచోట తీగ వేడెక్కి క్రమముగా మాడును. చెక్కబోర్డు దానికి ఇంధనమగును. బ్రిటనునందు 2016 జనవరి నుండి ఇండ్లలోని ఇట్టి పెట్టెలు ఉక్కువంటి దహింపని పదార్థముతో చేయబడవలెనను నిబంధన అమలునకు వచ్చుటకు ఇట్టి ప్రమాదములే కారణము. కాని లోహపు పెట్టెకు ఎర్తు తీగ తప్పక కలుపవలెను. లేనిచో రక్షించవలసిన పెట్టెయే షాకు కొట్టును. దానితోపాటు, దారితప్పిన విద్యుత్తును గుర్తించి సరఫరాను తెంచు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉండుట ప్రాణరక్షకము, అయినను అది మూతకు ప్రత్యామ్నాయము కాదు.

మెయిన్ స్విచ్చి ఆపినను దాని పైభాగమునకు వచ్చు తీగలలో 230 వోల్టులు నిలిచియే యుండును గనుక పెట్టె లోపలి పరిశీలనమును ఎలక్ట్రీషియనుచేతనే చేయింపవలెను. గృహస్థుడు చేయదగినది వేరొకటి కలదు: పని ముగించి ఎలక్ట్రీషియను సామాను సర్దుకొనుచున్నపుడు రంధ్రములన్నియు మూసెనా, పై రేకు బిగించెనా, ఎర్తు కలిపెనా యని అడుగుట. ఈ మూడు ప్రశ్నలకును సమాధానము దొరకిన తరువాతనే కూలి చెల్లించు అలవాటు ఇంటింటను ఏర్పడవలెను.