చప్పుడు ఎక్కడిదో తేలాకే స్పానర్ పట్టండి

జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెదారుల్లో కారు నడిపినవాళ్లకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. కింద ఉన్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. పైనున్న తారు కూడా దాంతోపాటే లేచి దిగుతుంది. ఆ తారు మీదే ఎర్రగుంట్ల సిమెంటు లారీలు, నాపరాయి మోసే ట్రాక్టర్లు, ఆర్టీపీపీ థర్మల్ కరెంటు కేంద్రం బూడిద టిప్పర్లు తిరగాల. పులివెందుల వైపు రోడ్లు నయం. ఇద్దరు ముఖ్యమంత్రులను ఇచ్చిన ఊరు కదా, ఆ మాత్రం ఉండాల్సిందే. కానీ అక్కడ స్పీడ్ బ్రేకర్లు మన నడుము లెక్క చూస్తాయి.

ప్రొద్దుటూరులో బట్టల అంగళ్లకు లెక్కలు రాయడం నా పని. ఆ పని మీదే ఈ ఊళ్లన్నీ తిరుగుతుంటాను. బండి 2006 నాటి మారుతి 800. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన ఈ కారు మా వైపు ఇంకా బాగానే కనబడుతుంది. కారణం ఒకటే. చిన్నాచితకా పనులు ఇంటి ముందరే చేసుకోవచ్చు.

పాత కారు ముందరి భాగంలో టకటకమని చప్పుడొస్తే చాలు, చుట్టూ చేరినవాళ్లంతా ఒకే మాట అంటారు: ‘షాకబ్జర్లు పోయినాయి, మార్చాల.’ చాలాసార్లు పోయేది అవి కాదు. ముందుగా పోయేది రబ్బరు.

ఎందుకో అర్థం కావాలంటే చక్రం వెనక ఏముందో తెలియాలి. మారుతి ముందు చక్రాలకు ఉన్నది మ్యాక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మ్యాక్‌ఫర్సన్ అనే అమెరికా ఇంజనీరు 1940ల చివర్లో రూపొందించిన ఏర్పాటు ఇది. స్ప్రింగు, షాకబ్జరు రెండూ ఒకే స్తంభంగా నిలబడతాయి. చోటు తక్కువ, ఖర్చు తక్కువ కాబట్టి చిన్న కార్లు చాలావరకు దీన్నే పట్టుకున్నాయి. స్ప్రింగు బరువు మోస్తుంది. షాకబ్జరు లోపలి నూనె ఆ స్ప్రింగు ఊగును అణుస్తుంది. చక్రం లోపలికీ బయటికీ జరగకుండా కింద నుంచి పట్టుకునేది లోయర్ ఆర్మ్. దాని లోపలి కొసలో రబ్బరు బుష్షు, బయటి కొసలో బాల్ జాయింటు ఉంటాయి. మే నెల ఎండకు, ఇంజను వేడికి బుష్షు గట్టిపడి పగులుతుంది. బాల్ జాయింటు మీది రబ్బరు తొడుగు చిరిగితే సిమెంటు దుమ్ము గ్రీసులో కలిసి ఆకురాయిలాగా లోపలి ఇనుమును అరగదీస్తుంది.

పరీక్ష పెట్టడం సులువే. చక్రం పైనున్న రెక్కను బలంగా కిందికి నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే షాకబ్జరు పని చేస్తున్నట్టే. ఊగుతూనే ఉన్నా, స్ట్రట్ మీద నూనె కారిన జాడ ఉన్నా దాని పని అయిపోయింది. తర్వాత చక్రాన్ని గాలిలోకి లేపి పైనా కిందా పట్టుకుని కదపండి. ఆడితే బాల్ జాయింటు కావచ్చు, చక్రం బేరింగు కావచ్చు. రెండు పక్కలా పట్టుకుని కదిపినప్పుడు ఆడితే అనుమానం టై రాడ్ ఎండ్ మీదికి పోవాలి. బుష్షు దగ్గర రాడ్డు పెట్టి కొంచెం ఎత్తి చూస్తే అందులో ప్రాణం ఉందో లేదో తెలుస్తుంది. బుష్షు ఖరీదు వందల్లో, షాకబ్జర్ల జత వేలల్లో. అందుకే ఈ పరీక్ష ముందు.

ఇక పని. మా వైపు ఇంటి ముందర కడప బండలు పరిచి ఉంటాయి. కింద బోలుగా ఉన్న బండ మీద జాకీ పెడితే బండ పగులుతుంది, బండి దిగుతుంది. మందపాటి చెక్క వేసి దాని మీద పెట్టండి. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వీల్ నట్లు నేల మీద ఉండగానే వదులు చేసి, అప్పుడు లేపాలి. లేపాక స్టాండ్లు తప్పనిసరి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి దూరితే తల పోతుంది. ఊడదీసేముందు వాషర్లు ఏ వరసలో ఉన్నాయో ఫోన్లో ఫోటో తీసుకోండి. ఆర్మ్ విడిపోయాక హబ్బును బయటికి లాగొద్దు, డ్రైవ్ షాఫ్టు లోపలి జాయింటు ఊడొస్తుంది.

పాత బుష్షును సుత్తితో దించాలని నేను చూస్తుంటే పక్క వీధి లేత్ షాపు కుర్రోడు ఆపినాడు. ‘అన్నా, కొట్టాకు. ఆరం వంకరపోతాది. ప్రెస్సులో పెట్టి దించుదాం.’ ప్రెస్సు కింద పెడితే ఒక్క నొక్కుకు దిగింది. చేతిలోకి తీసుకుని చూస్తే రబ్బరు ఒక పక్క పూర్తిగా తెగి, నడిమి గొట్టం వదులుగా తిరుగుతోంది. ఆ టకటక అంతా దానిదే. కొత్తదానికి సబ్బునీళ్లు రాసి ఎక్కించినాడు. గ్రీసు మాత్రం వద్దు. ముందర టార్షన్ బార్లున్న పాత అంబాసిడర్లకు గ్రీసు కొట్టాల్సిన జాగాలు ఉండేవి. ఆ అలవాటుతో కొందరు మారుతి బుష్షులకూ పూస్తారు. నాలుగు రోజులు చప్పుడు ఆగుతుంది, ఆ తర్వాత రబ్బరు ఉబ్బి చెడిపోతుంది.

ఇంట్లో చేసేవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది బిగింపు దగ్గర. ఈ బుష్షు తిరగదు, మెలిపడుతుంది. బయటి గొట్టం ఆర్మ్‌లో, లోపలి గొట్టం బోల్టుతో ఛాసీకి బిగుసుకుని ఉంటాయి. మధ్యలో రబ్బరు మాత్రమే సాగుతుంది. చక్రం వేలాడుతుండగా బోల్టు గట్టిగా బిగించి బండి దించితే రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, తొందరగా తెగిపోతుంది. అందుకని బోల్టును చేత్తో ఆనించి వదిలేయాలి. చక్రాలు తొడిగి, వాటి కింద పలకలు పెట్టి బండిని దించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. కాటర్ పిన్నులు ఎక్కడున్నా పాతవి మళ్లీ వాడొద్దు. ఒక పక్క బుష్షు పోతే రెండో పక్కదీ మార్చండి, దాని వయసూ అంతే. తర్వాత అలైన్‌మెంట్ చూపించండి, లేకుంటే కొత్త టైర్లు ఒక అంచున అరిగిపోతాయి.

ఒక్క పని మాత్రం ఇంట్లో పెట్టుకోవద్దు. బానెట్ ఎత్తితే స్ట్రట్ పైన నడిమధ్యలో ఒక నట్టు కనబడుతుంది. కింద అణిగి ఉన్న స్ప్రింగును పట్టి ఉంచేది అదే. స్ప్రింగును కంప్రెసర్‌తో బిగించకుండా ఆ నట్టు తిప్పితే అది ఎగిరొచ్చి తగులుతుంది, మనిషి బతకడం కష్టం. బుష్షులు మీరే మార్చుకోండి. స్ట్రట్‌ను మాత్రం విప్పకుండా అట్లే తీసుకుపోయి, కంప్రెసర్ ఉన్న షెడ్డులో ఇవ్వండి.