ఒక్క జన్యువు తీసేస్తే...

బాటసింగారం పండ్ల మార్కెట్‌లో ఎలుక అనగానే వ్యాపారికి గుర్తొచ్చేది బోను. అదే రోడ్డున ఎల్బీ నగర్ వచ్చి, నాగోలు, ఉప్పల్ మీదుగా తార్నాక చేరితే ఎలుకల హోదాయే వేరు. ఏసీ గది, తూచి పెట్టే దాణా, పుట్టిన తేదీతో సహా వంశవృక్షం! అక్కడి జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) పెంచే తెల్ల ఎలుకల వంశం 1920 నాటిది. సంస్థ కూనూరు నుంచి హైదరాబాద్‌కు మారింది 1958లో.

1996లో ఆ గుంపులోనే ఓ బొద్దు ఎలుక బయటపడింది. దాని సంతతిని డబ్ల్యుఎన్‌ఐఎన్-ఓబీ అంటారు. ఆపకుండా తింటాయి, కొన్ని కిలో బరువు కూడా దాటతాయి. మామూలు ఎలుక మూడేళ్లు బతికితే ఇవి ఏడాదిన్నరకే పోతాయి. ఆడైనా మగైనా వీటికి పిల్లలు పుట్టవు. మరి వంశం ఎలా నిలిచిందంటారా? చెడిన జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవి బాగానే ఈనతాయి. అలాంటి రెండింటిని జత చేస్తే నాలుగింట ఒకటి బొద్దుగా పుడుతుంది. ఇక్కడ జన్యువును ఎవరూ తీయలేదు, దానంతటదే చెడింది.

తిండికీ సంతానానికీ లంకె ఎక్కడంటే మెదడులో. ఒంట్లో కొవ్వు ఎంతుందో మెదడుకు తెలిపే హార్మోన్ లెప్టిన్. ఈ ఎలుకల రక్తంలో అది పుష్కలంగా ఉంటుంది, మెదడు మాత్రం పట్టించుకోదు. నిల్వలు ఉన్నాయని నమ్మకం కలిగితే తప్ప మెదడు పిల్లల జోలికి పోనివ్వదు. మరీ చిక్కిపోయిన అమ్మాయిలకు నెలసరి ఆగిపోవడం వెనకా ఉన్నది ఈ లెక్కే.

* * *

కావాలని ఒక జన్యువును పనిచేయకుండా చేసి పుట్టించిన చిట్టెలుకను ‘నాకౌట్’ అంటారు. మొదటివి 1989లో పుట్టాయి. దీనికి దారి వేసిన మారియో కపెక్కి, మార్టిన్ ఎవాన్స్, ఆలివర్ స్మితీస్‌లకు 2007లో నోబెల్ వచ్చింది. జన్యువులను కత్తిరించే క్రిస్పర్ పద్ధతి వచ్చాక ఆ పని చాలా సులువైపోయింది.

* * *

సంతానానికి తొలి ఆజ్ఞ ఇచ్చే న్యూరాన్లు ఎక్కడ పుడతాయో తెలుసా? ముక్కులో! పిండం దశలో అక్కడి నుంచి పాకుతూ మెదడులోకి చేరతాయి. చిట్టెలుకల్లో ఈ ప్రయాణం 1989లో బయటపడింది. దారిలోనే ఆగిపోతే మనుషుల్లో వచ్చేది కాల్‌మన్ సిండ్రోమ్. వాసన తెలియదు, యవ్వనం రాదు. పిల్లాడికి పదహారేళ్లొచ్చినా గొంతు మారలేదని వెళ్తే, డాక్టరు ‘మల్లెపూల వాసన తెలుస్తుందా బాబూ’ అని అడగడం వెనక ఇంత కథ ఉంది.

ఆ న్యూరాన్లు విడుదల చేసే హార్మోన్ పేరు జీఎన్‌ఆర్‌హెచ్. అది బొత్తిగా లేని చిట్టెలుకల రకం 1977లో బ్రిటన్‌లో దొరికింది. ఒళ్లు ఎదిగినా బీజకోశాలు పసివయసులోలాగే ఉండిపోతాయి. శాస్త్రవేత్తలు ఏం చేశారంటే, ఆరోగ్యమైన పిండం మెదడులోంచి చిన్న ముక్క తీసి వీటి మెదడులో అతికించారు. 1984లో అలా అతికించిన ఆడవి జత కట్టాయి, కడుపుతో ఉన్నాయి. గొడ్రాలితనానికి వైద్యం మెదడులో చేయడమంటే ఇదీ! రెండేళ్ల తర్వాత, ముక్కకు బదులు సరైన జన్యువునే వంశంలోకి చొప్పిస్తే అదీ పనిచేసింది.

* * *

ఫాస్‌బి అనే జన్యువు లేని తల్లి చిట్టెలుక మామూలుగానే కంటుంది, పాలూ ఉంటాయి. పిల్లలు మాత్రం గూటి చుట్టూ చెల్లాచెదురుగా పడి ఉంటాయి. తల్లి వచ్చి వాసన చూస్తుంది, పక్కనుంచి వెళ్లిపోతుంది. నోట కరిచి గూట్లోకి తెచ్చుకోదు, మీద పడుకుని వెచ్చబెట్టదు. పిల్లల్లో చాలా వరకు ఒకటి రెండు రోజుల్లోనే చనిపోతాయి. 1996లో ఈ సంగతి ప్రచురించినప్పుడు పత్రికలు ‘తల్లి ప్రేమ జన్యువు’ అని గోల చేశాయి. అంత మాట అనక్కర్లేదు. పిల్ల వాసనకు, అరుపుకు మెదడు స్పందించే గొలుసులో ఒక కొక్కెం ఊడింది, అంతే.

* * *

చిన్నమెదడులో ఓ ప్రొటీన్ లోపిస్తే వీర్యకణం ఎందుకు చెడాలి? పీసీడీ అనే చిట్టెలుక రకంలో జరిగేది అదే. పుట్టిన మూడు నాలుగు వారాల్లో చిన్నమెదడులోని పర్కింజీ కణాలు రాలిపోతాయి, నడక తూలుతుంది. పైగా మగవాటికి పిల్లలు పుట్టవు. జన్యువు దొరికింది 2002లో. న్యూరాన్ల పొడుగాటి తీగల్లోనూ వీర్యకణం తోకలోనూ ఉండేవి ఒకే రకం సూక్ష్మనాళికలు. వాటిపై పెరిగే గ్లుటమేట్ తోకలను గోళ్లు కత్తిరించినట్టు కత్తిరించేది ఈ ప్రొటీనే. అది లేకపోతే రెండు చోట్లా దెబ్బే. 2018లో ఇదే జన్యువు లోపం పసిపిల్లల్లోనూ కనిపించింది, నరాలు క్షీణించే జబ్బుగా.

* * *

ఎఫ్‌ఎంఆర్1 జన్యువు తీసేసిన చిట్టెలుకకు (1994) నేర్చుకోవడంలో ఇబ్బంది, వృషణాలు మాత్రం పెద్దవి. మనుషుల్లో ఇది ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బు. ఆ జన్యువులో సీజీజీ అనే మూడక్షరాలు మళ్లీ మళ్లీ వస్తుంటాయి. 200 సార్లు దాటితే జన్యువు మూతపడుతుంది, బిడ్డకు బుద్ధిమాంద్యం. 55 నుంచి 200 మధ్య ఉంటే చిత్రం వేరు: ఒకే ఇంట్లో తాతకు చేతులు వణకొచ్చు, కూతురికి నలభై రాకముందే ముట్లుడగొచ్చు, ఆమె నుంచి చేరేటప్పుడు సంఖ్య 200 దాటితే మనవడికి మాటలు రాకపోవచ్చు. ముగ్గురూ వెళ్లేది ముగ్గురు డాక్టర్ల దగ్గరికి. ఇలాంటి కుటుంబాల చిక్కుముడులు విప్పే జన్యు పరీక్షల విభాగం మన ఉప్పల్ ఇన్నర్ రింగ్ రోడ్డు మీది డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీలోనే ఉంది. రోజూ దాని ముందు నుంచి బస్సులో వెళ్లేవాళ్లలో ఎందరికి తెలుసో!

* * *

హబ్సిగూడలోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ సంగతి చెప్పకపోతే వెలితే. సంతానం లేని మగవాళ్ల జన్యువుల్ని ఏళ్లుగా జల్లెడ పడుతున్న కుమారస్వామి తంగరాజ్ బృందం, కొందరిలో టెక్స్13బి జన్యువులో లోపాలు పట్టుకుంది. చిట్టెలుక బీజకణాల్లో అదే జన్యువును క్రిస్పర్‌తో తీసేసి చూసింది కూడా. ఈ జన్యువుకు మెదడుతో పేచీ లేదు. అది ఉండేది ఎక్స్ క్రోమోజోమ్ మీద. మగవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. ‘అయితే తప్పు అత్తగారిదా’ అని కోడలు సంబరపడనక్కర్లేదు. అత్తగారికి రెండో ఎక్స్ అండగా ఉంది, లోపం ఉన్నట్టు ఆమెకే తెలియదు. ఇలాంటి లోపమున్న మగవాడు తండ్రే కాలేడు గనక, ఆమెకు అది పుట్టింటి నాన్న నుంచి వచ్చి ఉండదు. కొత్తగా పుట్టిన లోపం కాకపోతే అమ్మ నుంచి, ఆ అమ్మకు అమ్మమ్మ నుంచి, ఆడవాళ్ల గుండానే దిగి వస్తుంది. బయటపడేది మాత్రం మగవాడిలోనే.