వాము పువ్వు, మొండి తామర

మొదటి ప్రపంచ సంగ్రామమునకు పూర్వము మన దేశపు రేవులలో ఓడలకెక్కి జర్మనీ చేరుచుండిన సరకులలో వాము యొకటి. జంతికల పిండిలో కలుపుకొనుచు, కడుపు ఉబ్బరమునకు చిటికెడు నోట వేసికొనుచు నుండు మనకు, ఆ దేశస్థులు దానిని బస్తాలకొలది తెప్పించుకొనుట వింతగా తోపవచ్చును. కాని లైప్‌జిగ్ నగరమున 1829లో పుట్టి, పిమ్మట చెంతనున్న మిల్టిట్స్ గ్రామమునకు తరలిన షిమ్మెల్ కంపెనీ వంటి సుగంధతైల కర్మాగారములకు కావలసినది వాము రుచి కాదు. దాని నూనెలో ఇంచుమించు సగము వఱకు నుండు థైమాల్ అను స్ఫటికము. మన మూలికల అంగళ్లలో కర్పూరముతోను, పుదీన పువ్వుతోను పాటు అమ్ముడుపోవు వాము పువ్వు ఇదియే. యుద్ధము రాగానే గింజల రవాణా నిలిచిపోయి, క్రిమిసంహారకముగా పేరు గన్న థైమాల్‌కు జర్మనీ సరకుపై ఆధారపడిన దేశములలో కఱవేర్పడెను. కర్నూలు సీమలో నేటికిని విరివిగా పండు ఈ పైరునకు అట్టి పూర్వచరిత్ర కలదని ఎఱిగినవారు మనలో అరుదు.

నూఱేండ్లు గడచిన పిదప మన దేశమునుండి ఆ నగరమునకే చేరినది వేఱొకటి కలదు. అది మొండి తామర. గత దశాబ్దమున మన దేశమంతట వ్యాపించి, నెలల తరబడి మందు రాచినను మాయక, మాసినట్లు మాసి మరల పుట్టుచు జనులను వేధించిన తామరకు కారణమైన శిలీంధ్రమునకు 2020లో జపాను శాస్త్రజ్ఞులు ట్రైకోఫైటన్ ఇండోటినియే అని నామకరణము చేసిరి. లైప్‌జిగ్ చేరువనున్న మోల్బిస్‌లోని ప్రయోగశాలలో చర్మవైద్యుడు పీట్రో నెనోఫ్ తన సహచరులతో గూడి భారతీయ రోగుల నమూనాలను పరీక్షించుటయే గాక, ఆ శిలీంధ్రము జర్మనీలో సైతము పాదుకొనుచున్నదని ఆ యేటనే ప్రకటించెను.

శిలీంధ్రముల నణచుట బాక్టీరియాల నణచుటకంటె కష్టతరము. వాని జీవకణనిర్మాణము మన కణములకు దగ్గఱ చుట్టము. కావున వానిని చంపు విషము మనకును హాని చేయకుండుట దుర్లభము. వాని కణపు పొరలో మన కొలెస్టరాల్‌కు బదులుగా ఎర్గోస్టెరాల్ అను పదార్థముండును. మన మందులలో పెక్కింటికి గుఱి ఇదియే. టెర్బినఫిన్ అను మందు ఆ ఎర్గోస్టెరాల్ తయారగు దారిలో ఒక ఎంజైమును బంధించును. ఆ ఎంజైములో ఒక్క అమైనో ఆమ్లము మాఱెనా, మందు పట్టు జాఱిపోవును. వైద్యుని అడుగక దుకాణమున కొని పూసికొను స్టీరాయిడ్ కలిసిన లేపనములు దురదను మాత్రమణచి, లోన శిలీంధ్రమును పెంచి పోషించి, ఈ యుపద్రవమునకు దోహదము చేసినవని చర్మవైద్యులు మొత్తుకొనుచున్నారు.

ఇట్టి తరుణమున మొక్కలవైపు చూపు మఱలుట సహజమే. కదలలేని మొక్క బూజునుండి తన్ను తాను కాపాడుకొనుటకే ఇట్టి ఘాటైన పదార్థములను తయారుచేసికొనును గదా! అయితే ఘాటు వేఱు, మందు వేఱు; ఆ భేదమును కొలిచి చూపినవారిలోను లైప్‌జిగ్ వారు కలరు. నెనోఫ్, హాస్టయిన్, బ్రాంట్ అను మువ్వురు 1996లో ఆస్ట్రేలియా దేశపు టీ ట్రీ తైలమును తామర శిలీంధ్రములపైని, కాండిడా అను ఈస్టు జాతిపైని, చుండ్రుతో సంబంధముగల మలసీజియాపైని పరీక్షించిరి. అన్నియు లొంగినవి. కాని తామర శిలీంధ్రముల నాపుటకు మిల్లీలీటరునకు వేయి మైక్రోగ్రాములకు మించిన తైలము కావలసివచ్చెను. అజోల్ వర్గపు మందైనచో అందులో అత్యల్పభాగమే చాలును. గాజుపాత్రలో నెగ్గిన ఈ మోతాదు చర్మముపై మంట పుట్టింపవచ్చును, గాలి సోకి పాతబడిన తైలము అలెర్జీ తెచ్చును, రక్తములోనికి ఎక్కించుట యన్నచో మాటవరసకైనను అనదగినది కాదు. మొక్కలోనిది గనుక హాని చేయదనుట నా దృష్టిలో మిక్కిలి ప్రమాదకరమైన భ్రమ. ఉమ్మెత్త కూడ మొక్కయే!

నాకు ఎక్కువ ఆశ కల్పించునది వేఱొక మార్గము. కాండిడా తనలోనికి వచ్చిన ఫ్లూకొనజోల్ అను అజోల్ మందును బయటికి తోడివేయు పంపులను పెంచుకొని మందును ఓడించును. థైమాల్‌ను, దాని తోబుట్టువైన కార్వక్రాల్‌ను ఫ్లూకొనజోల్‌తో జోడించినపుడు ఆ పంపులు మందగించి, మందు మరల పనిచేయుట ఢిల్లీలోని జామియా మిల్లియా ఇస్లామియా పరిశోధకులు ప్రయోగశాలలో చూచిరి. ఒంటరిగా చాలని మూలిక, మొక్కవోయిన మందునకు పదును పెట్టుట కుపకరింపవచ్చునన్నమాట.

మొక్క మందుగా మాఱు దారి ఎట్టిదో చూపిన పూర్వోదాహరణము సైతము లైప్‌జిగ్‌లోనిదే. సాలిసిన్ అను పదార్థము విల్లో చెట్టు పట్టలోనిది. దాని సంబంధియైన సాలిసిలిక్ ఆమ్లమును 1874లో లైప్‌జిగ్ ఆచార్యుడు హెర్మన్ కోల్బె చౌకగా తయారుచేయు విధానమును కనిపెట్టగా, అచ్చటి శస్త్రవైద్యుడు కార్ల్ టీర్ష్ దానిని గాయములపై ప్రయోగించెను. ఆ ఆమ్లమే పిమ్మట బెంజోయిక్ ఆమ్లముతో కలిసి విట్‌ఫీల్డ్ లేపనమై, తామర పొరను ఊడగొట్టుచు, ప్రపంచారోగ్యసంస్థ వారి అత్యవసర ఔషధముల పట్టికలోను ఒకప్పుడు చోటు పొందెను. చెట్టు పట్టనుండి అచ్చటికి చేరుటకు శుద్ధియు, కొలతయు, రోగులపై పరీక్షయు కావలసివచ్చెను.

వాము పువ్వునకు మొండి తామరపై అట్టి పరీక్ష ఇంకను మిగిలియున్నది. అందాక టెర్బినఫిన్‌కు లొంగని తామరకు వైద్యులు చర్మపు పొట్టును ప్రయోగశాలకు పంపి జాతిని నిర్ధారించుకొని, పెక్కుమారులు ఇట్రాకొనజోల్‌ను, వారములు కాదు, నెలల తరబడి వ్రాయుచున్నారు.