కంఠస్థం నుంచి హృదయస్థం

గ్రంథం తెలియడం ఒకటి, గ్రంథానికి తలవంచడం మరొకటి. ఈ రెండింటి నడుమ ఎంత దూరముందో అధ్యయనపరులకే బాగా తెలుస్తుంది. సంహిత, పదం, క్రమం, జట, ఘన వరకూ ఒక్క స్వరం జారకుండా నేర్చినవాడు కూడా, సభ ముగిసి సంభావన చేతికి వచ్చేసరికి పక్కవాడికి ఎంత ముట్టిందోనని ఓరగా చూడవచ్చు. అర్థం ఎరుగక వేదాన్ని మోసేవాణ్ణి యాస్కాచార్యుడు నిరుక్తంలో బరువు మోసే స్తంభంతో పోల్చాడు. అర్థం ఎరిగినా చాలదని ఛాందోగ్యోపనిషత్తు మరో అడుగు ముందుకు వేసింది. నాలుగు వేదాలు, ఇతిహాస పురాణాలు, గణితం, తర్కం, నక్షత్రవిద్య... అన్నీ చదివిన నారదుడంతటివాడు సనత్కుమారుణ్ణి ఆశ్రయించి, తనకు మంత్రాలు తెలుసునే కాని ఆత్మ తెలియదని, అందుకే దుఃఖం తనను విడవడం లేదని విన్నవించుకొంటాడు.

సరిగ్గా అటువంటి దుఃఖంతోనే 16 శతాబ్దాల కిందట మరో పండితుడు నలిగిపోయాడు. ఆయన అగస్టీన్. క్రైస్తవలోకం పునీతుడిగా గౌరవించే ఆచార్యుడు. ఆలయంలో అర్చన చేసుకొనే వ్యక్తికి ఆయనతో పనేమిటని కొందరు పాఠకులకు తోచవచ్చు. బైబిలు తమ జీవితానికి మార్గదర్శి అని క్రైస్తవ సోదరులు చెప్పగా మనం తరచు వింటూంటాం. గ్రంథం దారి చూపడమంటే ఏమిటి? అది మనిషిని లోపలినుంచి ఎలా మారుస్తుంది? ఈ ప్రశ్నలు ఏ ఒక్క మతానికో చెందినవి కావు. అగస్టీన్ తన గుండెను తానే విప్పి చూపిన 'కన్ఫెషన్స్' అనే లాటిన్ గ్రంథంలో వాటికి దొరికే సమాధానం ఎంతో నిజాయితీ గలది. ఆద్యంతం దేవుణ్ణే సంబోధిస్తూ సాగే ఆ రచనలో ఆయన తనను తాను ఎక్కడా వెనకేసుకురాలేదు.

354లో ఉత్తరాఫ్రికాలోని తగాస్తే అనే పట్టణంలో ఆయన జన్మించాడు. నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ అదే. తల్లి మోనిక పరమ భక్తురాలు. పందొమ్మిదో ఏట సిసెరో గ్రంథమొకటి చదివి జ్ఞానం మీద మోహం పెంచుకొన్న ఆ యువకుడు, ఆ ఊపులోనే బైబిలు తెరిచాడు. నచ్చలేదు. సిసెరో గంభీర శైలి రుచి మరిగినవాడికి ఆనాటి లాటిన్ అనువాదం మోటుగా కనిపించింది. ఆ గ్రంథపు నిరాడంబరత ముందు తల వంచడానికి తన గర్వం ఒప్పుకోలేదని తరువాత ఆయనే రాసుకొన్నాడు. పండితులు ఇట్టే గుర్తుపట్టగల రోగమిది. ప్రబంధాలు చవిచూసిన నాలుకకు పురాణంలోని పునరుక్తులు చప్పగా తోచడం మనకూ అనుభవమే కదా! ఆపైన సుమారు 9 సంవత్సరాలు మానికేయులనే మరో మతవర్గం వెంట తిరిగాడు. చివరకు 384లో ఇటలీలోని మిలాన్ నగరంలో అలంకారశాస్త్ర ఆచార్యుడిగా గొప్ప పదవి లభించింది.

మిలాన్ బిషప్ ఆంబ్రోస్ మహావక్త. ఆయన ప్రసంగాలకు అగస్టీన్ వెళ్లింది ధర్మజిజ్ఞాసతో కాదు, ఆ వాక్పటిమ పేరుకు తగినదో కాదో తేల్చుకొందామని. మాటల కోసం వెళ్లినవాడికి మాటల వెంట అర్థం కూడా లోపలికి వచ్చింది. అక్షరార్థంలో తీసుకొంటే అసంబద్ధంగా తోచిన పాత నిబంధన కథలకు ఆంబ్రోస్ అంతరార్థం చెప్పేవాడు. క్రమంగా ఒక్కొక్క సందేహమే వీడిపోయింది.

బుద్ధి ఒప్పుకొంది, జీవితం మాత్రం ఉన్నచోటనే నిలిచిపోయింది. ఈ కథలో ఆగి చూడవలసిన చోటు ఇదే. తెలిసీ చేయలేని, తెలిసీ మానలేని దుస్థితిని మనవాళ్లు దుర్యోధనుడి పేర చెప్పుకొంటారు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక 7వ అధ్యాయంలో అదే మాటను మరెవరి మీదకో నెట్టకుండా తానే పలికాడు. అగస్టీన్ అప్పటికి ఆ పత్రికలను చదువుతూనే ఉన్నాడు, చదివినది నిజమని నమ్ముతూనే ఉన్నాడు. అయినా కామం, కీర్తికాంక్ష ఆయన కొంగు వదలలేదు.

ఇక్కడ ఒక స్త్రీ గురించి చెప్పక తప్పదు. యౌవనం నుంచి ఆయనతో ఏళ్ల తరబడి కలిసి జీవించి, ఆయనకు ఒక కుమారుణ్ణి కన్న ఆమె పేరు కూడా గ్రంథంలో లేదు. పరువైన పెళ్లి కుదిరిందని ఆమెను ఆఫ్రికాకు తిప్పి పంపారు. జీవితాంతం మరో పురుషుణ్ణి ఎరగనని ఆమె మొక్కుకొని వెళ్లింది. నిశ్చయించిన కన్య ఈడు రావడానికి ఇంకా రెండేళ్లుంటే, ఈయన ఆ రెండేళ్లు కూడా ఆగలేక మరో స్త్రీని చేరదీశాడు. ఈ సంగతి దాచకుండా రాసినందుకు అగస్టీన్‌ను మెచ్చుకోవచ్చు. కాని గ్రంథం ఏదీ చేతబట్టకుండానే మాట నిలుపుకొన్న ఆ తల్లి ఔన్నత్యం, అప్పటి ఆ పండితుడి కంటె ఎక్కువదని నాకు అనిపిస్తుంది.

386 సంవత్సరంలో ఒకనాడు ఆయన ఇంటికి పొంటిసియానుస్ అనే రాజోద్యోగి వచ్చాడు. బల్ల మీద పౌలు పత్రికల పుస్తకం కనిపించడంతో సంతోషించి, ఈజిప్టు తపస్వి ఆంటనీ కథ చెప్పాడు. తల్లిదండ్రులు పోయిన కొన్ని నెలలకు, ఇంకా ఇరవై ఏళ్ల ప్రాయంలోనే, ఆంటనీ ఒకనాడు ప్రార్థనా మందిరంలో అడుగు పెట్టేసరికి మత్తయి సువార్త 19వ అధ్యాయం చదువుతున్నారు. ఉన్నదంతా అమ్మి పేదలకివ్వమని ఒక ధనిక యువకుడికి యేసు చెప్పిన మాట అది. వందల ఏళ్ల కిందట మరెవరికో చెప్పిన ఆ మాటను ఆంటనీ తనకే చెప్పినట్లు విన్నాడు. పొలాలు ఊరివారికి ఇచ్చివేశాడు, తక్కిన సొత్తు అమ్మి బీదలకు పంచాడు. ఆంటనీ చదువుకొన్నవాడు కాడనీ, శ్రద్ధగా విన్నది విన్నట్లు నిలుపుకోవడంతో జ్ఞాపకమే ఆయనకు పుస్తకమైందనీ జీవితచరిత్ర రాసిన అథనాసియస్ చెబుతాడు. వేదాన్ని శ్రుతి అని పిలిచే మనకు దీని విలువ వేరే చెప్పాలా?

ఈ కథ అగస్టీన్‌ను నిలువునా దహించింది. చదువురాని వారు లేచి స్వర్గాన్ని గెలుచుకొంటుంటే చదువుకొన్న మనం ఈ బురదలో పొర్లుతున్నామన్న వేదనతో, మిత్రుడు అలీపియస్‌తో కలిసి పెరటితోటలోకి వెళ్లాడు. ఒక అంజూరపు చెట్టు కింద పడి వెక్కివెక్కి ఏడ్చాడు. ఇంకెంత కాలం రేపు రేపని వాయిదా వేయడం? ఆ సమయంలో పొరుగింటి నుంచి పిల్లవాడిదో, ఆడపిల్లదో తెలియని ఒక గొంతు, పుస్తకం తీసి చదవమని పాటలా పదేపదే పలకడం వినిపించింది. లేచి వచ్చి పౌలు పత్రికను తెరిచి, కంటబడిన భాగం మౌనంగా చదివాడు. రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయం చివరి వాక్యాలవి. తాగుడు, వ్యభిచారం, కలహం, అసూయ విడిచి క్రీస్తును ధరించుకోవాలని వాటి భావం. అంతకు మించి ఆయన చదవలేదు, చదవవలసిన అవసరమూ కనబడలేదు.

వస్త్రాన్ని ధరించినట్లు క్రీస్తును ధరించడమనే ఉపమానం మన ఇళ్లలో పుట్టి పెరిగినవారికి సులభంగా అందుతుంది. స్నానం చేసి మడి కట్టుకొన్నవాడు ఆ బట్టతో ఏది ముట్టవచ్చో ఏది ముట్టరాదో క్షణక్షణం ఎరుక కలిగి ఉంటాడు. పౌలు అడిగేది అటువంటి ఎరుకనే, కాకపోతే బట్టకు కాక బుద్ధికి. తెలుగు బైబిలులో ఈ మార్పుకు 'మారుమనస్సు' అనే చక్కని మాట వాడారు. మూలంలోని గ్రీకు పదం మెటనోయియాకు మనసు మారడమనే అర్థం. పశ్చాత్తాపమంటే జరిగిన తరువాత కలిగే తాపం, అది కొంతసేపటికి చల్లారిపోవచ్చు. మారుమనస్సు అలా కాదు, చూపే వేరవుతుంది. ఈ పదాన్ని ఎంచుకొన్న అనువాదకుల భాషాజ్ఞానానికి నమస్కరించాలి.

తోటలో జరిగినదాన్ని చూసి, ఏదో ఒక పుట తెరిస్తే దారి దొరుకుతుందని ఎవరైనా భ్రమపడవచ్చు. పెళ్లికో ప్రయాణానికో గ్రంథం తెరిచి ప్రశ్న చూసుకోవడం మనవారిలోనూ ఉన్నదే. అగస్టీన్ తరువాత బిషప్‌గా జనువరియస్ అనే వ్యక్తికి రాసిన ఒక ఉత్తరంలో ఈ అలవాటు తనకు నచ్చదని స్పష్టం చేశాడు. దుష్టశక్తులను అడగడం కంటె సువార్త పుటలు తెరవడం నయమే కాని, పరలోక జీవితాన్ని గురించి పలికే వాక్యాలను లౌకిక వ్యవహారాలకు వాడుకోవడం తగదని ఆయన అభిప్రాయం. తోటలో ఆయన అడిగింది భవిష్యత్తు కాదు. ఏం చేయాలో చాలాకాలంగా తెలిసినదే. ఆ రోజున వాక్యం తెలియజేసింది ఏమీ లేదు, తెలిసినదాన్ని చేయించింది.

నాకు ఈ కథలో తోట ఘట్టం కంటె దాని తరువాతి చిన్న సంగతి ఎక్కువ ప్రియమైనది. ఆచార్య పదవికి స్వస్తి చెప్పి, బాప్తిస్మానికి సిద్ధమవుతూ, ఏ గ్రంథం చదివితే మంచిదని అగస్టీన్ ఆంబ్రోస్‌ను అడిగాడు. యెషయా ప్రవక్త గ్రంథం చదవమన్నాడాయన. తెరిస్తే మొదటి భాగమే అర్థం కాలేదు! మిలాన్ నగరానికంతటికీ భాషాసౌందర్యం నేర్పిన పండితుడు, దేవుని వాక్యశైలికి మరికొంత అలవాటుపడిన తరువాత చదువుదామని పుస్తకాన్ని పక్కన పెట్టాడు. ఒకనాడు బైబిలు తన స్థాయికి తగదని పక్కన పెట్టినవాడే, ఈనాడు తాను బైబిలు స్థాయికి తగనని పక్కన పెట్టాడు. మార్పు అంటే ఇంతకంటె పెద్ద నిదర్శనం వెదకనక్కరలేదు. ఆ రోజుల్లో ఆయనకు ఆసరా అయినవి దావీదు కీర్తనలు. వాటిని కన్నీటితో బిగ్గరగా పలుకుతూ, తన కోపానికీ భయానికీ ఆశకూ వాటినుంచే భాష తెచ్చుకొన్నాడు. యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చెప్పిన శ్రవణ మనన నిదిధ్యాసనల్లో మూడో మెట్టు ఇటువంటిదే కాబోలు. 387 ఈస్టర్ రాత్రి ఆంబ్రోస్ చేతుల మీదుగా బాప్తిస్మం పొందాడు. ఆ సంవత్సరమే మోనిక కన్నుమూసింది.

అక్కడితో అంతా చక్కబడిందని ఆయన చెప్పుకోలేదు. దశాబ్దం దాటాక, హిప్పో నగర బిషప్‌గా ఉండి రాసిన 'కన్ఫెషన్స్' పదో భాగంలో, ఇప్పటికీ తనను లాగుతున్న వాటిని ఏకరువు పెట్టాడు. తిండి రుచి, పాత కలలు, జనం పొగడ్త. ప్రార్థనా మందిరంలో అర్థం కంటె రాగమే ఎక్కువ కదిలించినప్పుడు అది కూడా దోషమేనని కలతపడ్డాడు. సామగానం విన్న చెవులకు ఈ అనుమానం కాస్త కటువుగానే తోస్తుంది. పొగడ్త విషయంలో మాత్రం ఆయన మాటకు ఎదురు లేదు. వినయాన్ని గురించి చక్కగా ఉపన్యసించి, చప్పట్లు తక్కువ పడ్డాయని చిన్నబోయే వక్తలను మనం చూస్తూనే ఉన్నాం.

గ్రంథాన్ని ఎలా అర్థం చేసుకోవాలో తెలిపే మరో రచనలో ఆయన ఒక గీటురాయి ఇచ్చాడు. దైవప్రేమను, పొరుగువారి పట్ల ప్రేమను పెంచని వ్యాఖ్యానం ఎంత పాండిత్యంతో కూడినదైనా, ఆ వ్యాఖ్యాత గ్రంథాన్ని ఇంకా అర్థం చేసుకోనట్లే. గొప్ప గీటురాయి. ఆయన దాని మీద ఎల్లప్పుడూ నిలిచాడా అంటే లేదనే చెప్పాలి. డోనటిస్టులనే క్రైస్తవ వర్గంతో వివాదం ముదిరినప్పుడు, మొదట బలప్రయోగం వద్దన్న అగస్టీనే, విందుకు జనాన్ని బలవంతంగానైనా తీసుకురమ్మన్న లూకా సువార్తలోని ఉపమానాన్ని ఆధారం చేసుకొని, రాజశాసనాల ఒత్తిడిని సమర్థించాడు. తోటలో తన మీదికి తిప్పుకొన్న వాక్యాన్ని ఇక్కడ పరుల మీదికి తిప్పాడు. ఈ తప్పు ఒక్క మతానికే అంటగట్టనక్కరలేదు. వేదం చెవిన పడే యోగ్యత కూడా కొందరికి లేదని శాస్త్రం పేరు చెప్పి శాసించిన కాలం మనకూ ఉన్నది.

430లో వాండల్ సేనలు హిప్పో నగరాన్ని ముట్టడించాయి. ముట్టడి మూడో నెలలో 75 ఏళ్ల అగస్టీన్ జ్వరంతో మంచం పట్టాడు. అప్పటికి ఆయన కీర్తనలన్నింటికీ వ్యాఖ్యానం చెప్పినవాడు, లెక్కకు మిక్కిలిగా ప్రసంగాలు చేసినవాడు. చివరి రోజుల్లో దావీదు కీర్తనల్లో పశ్చాత్తాపానికి సంబంధించిన కొన్నింటిని రాయించి, మంచం మీదనుంచి కనబడేలా ఎదుటి గోడకు పెట్టించుకొన్నాడని శిష్యుడు పొసిడియస్ రాశాడు. వైద్యులు వచ్చినప్పుడు, ఆహారం తెచ్చినప్పుడు తప్ప గదిలోకి ఎవరూ రావద్దన్నాడు. దాదాపు 10 రోజులు ఒంటరిగా ఆ గోడను చూస్తూ, ఆ అక్షరాలు చదువుకొంటూ, కన్నీరు కారుస్తూ గడిపి, ఆగస్టు 28న కన్నుమూశాడు.